బెదిరే బాల్ పైథాన్‌ను చేతికి అలవాటు చేయడం ఎలా?

కొత్తగా తెచ్చిన బాల్ పైథాన్, అంటే ఇళ్ళల్లో పెంచే ఒక చిన్న రకం కొండచిలువ, చెయ్యి తగలగానే తల లోపలికి దాచుకుని ముద్దలా చుట్టుకుపోతుంది. లేదా మెడ వెనక్కి లాగి బుస కొడుతుంది. పిల్లలేమో "దీనికి మనమంటే ఇష్టం లేదా?" అని మొహం చిన్నబుచ్చుకుంటారు. ఇష్టాయిష్టాల సంగతి కాదిది. తనకన్నా కొన్ని వందల రెట్లు బరువున్న జంతువు పైనుంచి చెయ్యి చాపితే ఏ చిన్న ప్రాణి అయినా ఇలాగే చేస్తుంది.

టెక్సస్‌లో ఉంటూ చాలాకాలంగా పాముల్ని పెంచుతున్నాను. పిల్లల పోరు పడలేక పాము కొన్న తెలుగువాళ్ళు ఫోన్ చేసి అడిగే మొదటి ప్రశ్న "ఎలా పట్టుకోవాలి?" అనే. నేను తిరిగి అడిగేది "ట్యాంకులో వేడి ఎంత ఉంది?" అని. పాము బెరుకు పోగొట్టే పని ట్యాంకుతో, అంటే పాము ఉండే అద్దాల పెట్టెతో, మొదలవుతుంది. ఆ తర్వాత తిండి, చెయ్యి అన్నిటికన్నా చివర. ఈ వరుస తప్పితే నెలల తరబడి పట్టుకున్నా పాము బెదురుతూనే ఉంటుంది. వరుస కుదిరితే మీరు పెద్దగా చేయాల్సింది కూడా ఉండదు.

ముందుగా చట్టం

ఇక్కడ రాసేది అమెరికాలో, అలాగే చట్టం ఒప్పుకునే ఇతర దేశాల్లో, పాముల్ని పిల్లలు చేయించి అమ్మే బ్రీడర్ దగ్గర పుట్టి పెరిగిన బాల్ పైథాన్ గురించి. అమెరికా అంతటా ఒకే రూలు లేదు. హవాయిలో ఏ పామునూ పెంచడానికి వీల్లేదు. కొన్ని నగరాలకు సొంత నిబంధనలు ఉంటాయి. అపార్ట్‌మెంట్ లీజులో పాముల్ని విడిగా నిషేధించి ఉండొచ్చు, అది కూడా చదవండి.

ఆంధ్ర, తెలంగాణల్లో ఉండి చదువుతున్నవాళ్ళకు: మన దేశపు పాములకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. కొండచిలువ అయినా, రెండు తలల పాము అని అమ్మజూపే ఇరుతల పాము అయినా, పొలం గట్టున దొరికిన జెర్రిపోతు అయినా ఇంట్లో పెట్టుకుంటే నేరమే. బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతుల సంగతి వేరు. ఇవి వన్యప్రాణుల వ్యాపారం మీద దేశాలు చేసుకున్న సైటీస్ ఒప్పందం జాబితాలో ఉన్నాయి కాబట్టి 2022లో చట్టాన్ని సవరించాక, 2024 నిబంధనల ప్రకారం ప్రభుత్వ పరివేష్ 2.0 పోర్టల్‌లో నమోదు చేయించాలి. కాగితాలు లేకుండా ఎవరైనా అమ్మజూపితే కొనకండి. ఇంకో మాట. కింద రాసిన పద్ధతుల్లో ఒక్కటి కూడా బయట కనిపించే పాము మీద ప్రయత్నించకూడదు. కట్లపామును, విషంలేని దాని పోలికల పామును కంటితో చూసి తేడా చెప్పడంలో అనుభవం ఉన్నవాళ్ళే పొరబడతారు.

ఇది ఎక్కడి పాము?

బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా పాము. ఘనా, టోగో, బెనిన్ దేశాల నుంచి లక్షల్లో ఎగుమతి అయింది. అక్కడ పగలంతా ఎలుకల బొరియల్లో, చెదపుట్టల్లో దూరి ఉంటుంది. చీకటి పడ్డాక బయటికి వస్తుంది. ఆడది మూడు నుంచి ఐదు అడుగులు పెరుగుతుంది, మగది ఇంకాస్త చిన్నది. విషం లేదు. ప్రమాదం అనిపిస్తే కరవడం కన్నా చుట్టుకుపోయి తల మధ్యలో దాచుకోవడానికే మొగ్గు చూపుతుంది. బాల్ అన్న పేరు అందుకే వచ్చింది.

ఆయుష్షు ఎక్కువ. ఇళ్ళల్లో 20 నుంచి 30 ఏళ్ళు బతకడం మామూలే. సెయింట్ లూయిస్ జూలో 60 ఏళ్ళు దాటిన ఒక బాల్ పైథాన్ 2020లో గుడ్లు పెట్టింది. ఇప్పుడు పదో తరగతి చదివే పిల్లాడికి కొనిపెడితే, వాడు కాలేజీకి వెళ్ళాక, ఉద్యోగంలో చేరాక కూడా పాము మీ ఇంట్లోనే ఉంటుందని లెక్కేసుకోండి. అంతకాలం ఉండే జంతువు విషయంలో మొదటి రెండు నెలలు నెమ్మదిగా నడిస్తే పోయేదేమీ లేదు.

మొదటి పని: ట్యాంకును సరిచేయడం

బొరియలో బతికే జంతువును నాలుగు వైపులా అద్దాలున్న ఖాళీ పెట్టెలో పెట్టి, మధ్యలో ఒక నీళ్ళ గిన్నె ఉంచితే అది ఇరవై నాలుగ్గంటలూ టెన్షన్‌లోనే ఉంటుంది. అలాంటి పామును ఎంత మెత్తగా పట్టుకున్నా లాభం లేదు.

హైడ్‌లు, అంటే లోపల దూరి దాక్కునే డబ్బాలు, రెండు కావాలి. ఒకటి వేడి వైపు, ఒకటి చల్లటి వైపు. రెండూ ఒకేలాంటివైతే ఇంకా మంచిది. ఒక్కటే పెడితే పాముకు రెండు కష్టాలొస్తాయి: వెచ్చగా ఉండాలా, దాక్కోవాలా అని ఏదో ఒకటి తేల్చుకోవాలి. చాలా పాములు దాక్కోవడమే ఎంచుకుంటాయి, ఒళ్ళు చల్లబడి తిన్నది అరగదు. హైడ్ ఇరుకుగా ఉండాలి. పాము చుట్టుకున్నప్పుడు దాని ఒళ్ళు గోడలకు, పైకప్పుకు తగలాలి. పెట్ షాపులో అందంగా కనిపించే సగం దుంగ రెండు వైపులా తెరిచి ఉంటుంది, దానివల్ల ఉపయోగం లేదు. పాత ప్లాస్టిక్ డబ్బా బోర్లించి ఒక వైపు కన్నం పెట్టి అంచులు నునుపు చేస్తే అంతకన్నా బాగా పనిచేస్తుంది.

రెండు హైడ్‌ల మధ్య ఖాళీని కార్క్ బెరడు ముక్కలతో, ప్లాస్టిక్ ఆకులతో నింపండి. ట్యాంకు వెనక వైపు, పక్కలు నల్ల కాగితంతో మూసేయండి. పెద్ద పాముకు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న ట్యాంకు కావాలి. పిల్ల పాము పెద్ద ట్యాంకులో భయపడుతుందని షాపువాళ్ళు చెబుతారు. దాన్ని భయపెట్టేది ఖాళీ. ఆకులతో, బెరడుతో నిండి ఉంటే పెద్ద ట్యాంకులోనూ పిల్ల పాము హాయిగా ఉంటుంది.

వేడి వైపు నేల 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, ఇక్కడి లెక్కలో 88 నుంచి 92 ఫారెన్‌హీట్. చల్లటి వైపు 24 నుంచి 27. తేమ 55 నుంచి 70 శాతం. గాజుకు అతికించే గుండ్రటి మీటరును నమ్మొద్దు. గురిపెట్టి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ తీసుకుని నేలను కొలవండి. వేడి ఏ రకం పరికరంతో ఇచ్చినా, దాన్ని అదుపులో ఉంచే థర్మోస్టాట్ తప్పనిసరి. అది లేని హీట్ మ్యాట్ కాలిపోయేంత వేడెక్కుతుంది. పాము పొట్ట కాలుతున్నా లేచి పోదు, అక్కడే పడుకుంటుంది. పొట్ట మీద గోధుమ రంగు మచ్చలున్న పాము పట్టుకుంటే బుస కొట్టక ఏం చేస్తుంది?

ట్యాంకును ఎక్కడ పెడుతున్నారో కూడా చూసుకోండి. వాషింగ్ మెషీన్ పక్కన, హోమ్ థియేటర్ స్పీకర్ పక్కన వద్దు. పాముకు బయటికి కనిపించే చెవులు లేకపోయినా నేల అదురు దవడ ద్వారా లోపలి చెవికి చేరుతుంది. తెలుగు ఇళ్ళలో ఇంకో రెండు చోట్లు వద్దంటాను: వంటింటి పక్క గోడ, పూజ గది. పోపు ఘాటు, అగరుబత్తి, శుక్రవారం సాంబ్రాణి పొగ పాము ఊపిరితిత్తులకు పడవు.

రెండో పని: వారం రోజులు ముట్టుకోకండి

ఇంటికి తెచ్చిన రోజు పిల్లలకు చెప్పాల్సిన కష్టమైన మాట ఇదే. నీళ్ళు మార్చడానికి, మలం తీయడానికి తప్ప వారం పాటు మూత తీయొద్దు. స్నేహితుల్ని పిలవొద్దు, వీడియో కాల్‌లో బామ్మకు చూపించొద్దు. పాము హైడ్‌లోంచి బయటికే రాకపోతే చచ్చిపోయిందేమోనని ఎత్తి చూడొద్దు. పగలంతా దాక్కుని ఉండటమే దాని ఆరోగ్యానికి గుర్తు. ఎప్పుడూ బయటే తిరుగుతూ అద్దానికి ముక్కు రాస్తుంటే అప్పుడు ఆలోచించాలి. వేడో, హైడో ఏదో కుదరలేదన్నమాట.

ఈ వారంలో చేయగలిగిన పని ఒకటుంది. పాము నాలుక బయటికి చాపి గాలిలోని వాసన కణాల్ని నోటి పైభాగాన ఉండే జాకబ్‌సన్ అవయవానికి అందిస్తుంది. మిమ్మల్ని గుర్తుపట్టేదీ అలాగే. ఒకరోజు వేసుకుని విడిచిన పాత టీషర్టు ముక్క, సెంటు కొట్టనిది, హైడ్ పక్కన పెట్టండి. అద్భుతమేమీ జరగదు. తర్వాత మీ చెయ్యి వచ్చినప్పుడు ఆ వాసన పాముకు కొత్తగా ఉండదు, అంతే.

మూడో పని: తిండి కుదరడం

వరుసగా రెండు మూడు సార్లు తిన్న తర్వాతే చేతిలోకి తీసుకోవాలి. దీన్ని సడలించవద్దు. తింటోందంటే ఆ చోటు క్షేమమని పాముకు నమ్మకం కుదిరిందని అర్థం.

చంపి ఫ్రీజ్ చేసిన ఎలుకలే పెట్టండి. బతికున్న ఎలుక పామును కొరుకుతుంది, కంటికి గాయం చేసిన సందర్భాలూ ఉన్నాయి. ఎలుక మందం, పాము ఒంట్లో బాగా లావుగా ఉన్న చోటంత ఉంటే చాలు. ముందురోజు రాత్రి ఫ్రీజర్లోంచి ఫ్రిజ్ కింది అరలోకి మార్చి, మర్నాడు సాయంత్రం జిప్ కవర్లో పెట్టి వేడినీళ్ళలో ముంచండి. మైక్రోవేవ్‌లో పెడితే పగులుతుంది, ఆ వాసన మీ ఇంట్లోంచి త్వరగా పోదు. బాల్ పైథాన్ పై పెదవి మీద వేడిని పసిగట్టే చిన్న చిన్న గుంటలు ఉంటాయి, వాటితోనే అది చీకట్లో ఎలుకను చూస్తుంది. అందుకే ఎలుక తల మీద కాసేపు హెయిర్ డ్రయ్యర్ తిప్పి, పొడుగాటి పటకారుతో తోక దగ్గర పట్టుకుని, హైడ్ గుమ్మం ముందు మెల్లగా కదిలించండి. తల వేడిగా, ఒళ్ళు కాస్త చల్లగా ఉంటే పాము సరిగ్గా తలనే పట్టుకుంటుంది. గోంగూర పచ్చడి ఉన్న ఫ్రీజర్లోనే ఎలుకల కవరు పెట్టి ఇంట్లో గొడవలు తెచ్చుకోకండి. చిన్న ఫ్రీజర్ వేరే కొనండి. ఆరోగ్యానికీ అదే మంచిది.

తినకపోతే రోజూ ప్రయత్నించొద్దు. వారం ఆగి మళ్ళీ పెట్టండి. ఉపవాసాల్లో బాల్ పైథాన్ పేరుమోసింది. పెద్ద మగ పాములు చలికాలంలో నెలల తరబడి తినకపోవడం వింత కాదు. ఎంత తిందన్న దానికన్నా ఎంత బరువుందన్నది ముఖ్యం. వారానికోసారి దాన్ని డబ్బాలో పెట్టి తూచి రాసుకోండి. పదో వంతు బరువు తగ్గితే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

ఒక పాత సలహా ఇంకా తిరుగుతోంది: ట్యాంకులో తిండి పెడితే చెయ్యి కూడా తిండే అనుకుంటుంది, అందుకని వేరే డబ్బాలోకి మార్చి పెట్టాలని. బెదిరే పామును ఆకలి మీద ఉన్నప్పుడు ఒకసారి, కడుపు నిండాక ఒకసారి ఎత్తి మార్చడం కన్నా పెద్ద తప్పు ఇంకోటి లేదు. తిన్నది కక్కేస్తుంది. ట్యాంకులోనే పెట్టండి. తిండికీ చేతికీ తేడా పాముకు ఎలా తెలియాలో కింద రాశాను.

తిన్నాక కనీసం 48 గంటలు ముట్టుకోకండి. పెద్ద ఎలుక అయితే 72. కక్కితే పది పన్నెండు రోజులు కడుపుకు విశ్రాంతినిచ్చి, తర్వాత మామూలు కన్నా చిన్న ఎలుకతో మొదలుపెట్టండి. రెండోసారి కూడా కక్కితే డాక్టర్‌కి చూపించాల్సిందే.

నాలుగో పని: పాము ఏం చెబుతోందో గమనించడం

పాముకు కనురెప్పలు ఉండవు, మొహంలో భావాలు కనిపించవు. చూడాల్సింది మెడ, నాలుక, ఊపిరి.

మెడ ఇంగ్లిష్ ఎస్ అక్షరంలా మడిచి, తల మీ చేతి వైపే తిప్పి, నాలుక ఆడించడం ఆపేసిందంటే కాటుకు సిద్ధంగా ఉంది. చెయ్యి అక్కడే ఆపండి, మెల్లగా వెనక్కి తీసుకోండి. బుస అంటే దూరంగా ఉండమని. ఒళ్ళంతా ఉబ్బి ఊపిరి గట్టిగా కొట్టుకుంటుంటే భయం. తాకగానే తల ఝాడించి పక్కకు తిప్పుకుంటే తాకిన చోటు నచ్చలేదు. చాలా పాములకు తల మీద, మెడ మీద చెయ్యి పడదు. పట్టుకున్నప్పుడు దుర్వాసన వచ్చే ద్రవం వదిలితే బాగా బెదిరిపోయిందని అర్థం.

నాలుక తీరికగా బయటికొచ్చి, పైకీ కిందికీ ఆడి లోపలికి పోతుంటే అది చుట్టూ ఏముందో తెలుసుకుంటోంది. ఒంట్లో కండలు బిగుసుకోకుండా చేతి మీద మెల్లగా జారుతుంటే స్థిమితపడింది. బిగుసుకుని కదలకుండా ఉండటాన్ని మాత్రం స్థిమితం అనుకోకండి. ముద్దలా చుట్టుకున్న పామును చూసి "ఎంత బుద్ధిగా కూర్చుందో" అని మురిసిపోయేవాళ్ళు ఉంటారు. నిజానికి పాము భయం పతాకస్థాయిలో ఉన్నప్పుడు కూర్చునేదే అలా.

ఐదో పని: మొదటిసారి ఎత్తడం

ఎత్తడానికి సాయంత్రం, చీకటి పడకముందు సరైన సమయం. తిండి పెట్టే రోజు వద్దు. చేతులు వాసనలేని సబ్బుతో కడుక్కోండి, ముఖ్యంగా ఇంట్లో హ్యామ్‌స్టర్ ఉంటే. చలికాలమైతే చేతుల్ని ఒకదానికొకటి రుద్ది వెచ్చబరచండి. నేల మీదో, మంచం మీదో కూర్చోండి, జారినా ఎత్తు నుంచి పడకుండా. గదిలో ఇంకో మనిషి ఉంటే సాయం, నలుగురుంటే సంత.

మూత తీసి ఒక నిమిషం ఊరుకోండి. తర్వాత పేపర్ టవల్ అయిపోయాక మిగిలే అట్ట గొట్టం తీసుకుని, పాము ఒంటి మధ్యలో రెండుసార్లు మెత్తగా తట్టండి. తల దగ్గర కాదు. ఇదే తేడా చెప్పే సంకేతం. తిండి వచ్చినప్పుడు తట్టడం ఉండదు, వేడి ఎలుక వాసన ఉంటుంది. చెయ్యి వచ్చినప్పుడు ఎలుక వాసన ఉండదు, తట్టడం ఉంటుంది. ప్రతిసారీ, ఒక్కసారి కూడా మానకుండా, ఇలాగే చేస్తే కొన్ని వారాల్లో తట్టగానే మెడ మడత విప్పి నాలుక ఆడించడం చూస్తారు. ఇంట్లో అందరూ ఒకే పద్ధతి పాటించాలి. నాన్న తట్టి, అబ్బాయి తట్టకుండా తీస్తే పాముకు ఏదీ అర్థం కాదు.

ఇక హైడ్ పైకెత్తండి. హైడ్ లోపల చెయ్యి పెట్టి లాగొద్దు, దాని ఇంట్లో దానికి భద్రత లేకుండా పోతుంది. చెయ్యి పైనుంచి తేవొద్దు. పామును ఎత్తుకుపోయే గద్ద వచ్చేది పైనుంచే. పక్క నుంచి, నేలకు ఆనించినట్టుగా, మరీ నెమ్మదిగా కాకుండా ఒకే వేగంతో తెచ్చి, ఒంటి మధ్య భాగం కింద నాలుగు వేళ్ళు దూర్చండి. దగ్గరదాకా తెచ్చి భయంతో చెయ్యి వెనక్కి లాగడం, మళ్ళీ తేవడం, ఇదే పామును అన్నిటికన్నా ఎక్కువ బెదరగొడుతుంది. చెయ్యి వణుకుతుంటే పల్చటి తోట గ్లవుజులు వేసుకోండి, సిగ్గుపడాల్సిన పని లేదు. రెండో చేత్తో తోక వైపు మూడోవంతు ఆనించి రెండూ కలిపి ఎత్తండి.

ఎత్తగానే చేతి కింద కండ గట్టిగా బిగుసుకోవడం తెలుస్తుంది. ఏమీ చేయకండి. పిడికిలి బిగించొద్దు, సవరించొద్దు, నిమరొద్దు. మీరు చెట్టు కొమ్మ, అంతే. ముప్పై సెకన్లకో నిమిషానికో ఆ బిగువు తోక దగ్గర మొదట సడలుతుంది. తర్వాత తల బయటికొచ్చి, నాలుక ఒకసారి మీ మణికట్టును తాకుతుంది. తోక చివర మీ వేలికి చుట్టుకుంటే భయం కాదు, పట్టు కోసం. పాము ఎటు వెళ్ళాలనుకుంటే అటు రెండో చెయ్యి ముందు పెట్టండి. తల పట్టుకోవద్దు, మెడలో దండలా వేసుకోవద్దు.

మొదటిసారి మూడు నుంచి ఐదు నిమిషాలు. అది నెమ్మదించిన క్షణం చూసుకుని తిరిగి హైడ్ ముందు దించండి, తనంతట తాను లోపలికి పోనివ్వండి. పాము గింజుకుంటుంటే విసిరేసినట్టు వదలొద్దు. చేతులు ట్యాంకు నేలకు ఆనించి, అది ఒక్క క్షణం కుదుటపడగానే వదలండి. అలాగని పంతం పట్టి అరగంట పట్టుకుని కూర్చోవడం ఇంకా తప్పు. "అలసిపోయి ఊరుకుంటుంది" అని చెప్పేవాళ్ళున్నారు. అలసిపోయి ఊరుకున్న పాము అలవాటు పడినట్టు కాదు.

సమయం పెంచడం

వారానికి రెండు మూడు సార్లకు మించొద్దు. ఐదు నిమిషాలు పాము బిగుసుకోకుండా ఉండగలిగితే పది చేయండి, తర్వాత పదిహేను, ఇరవై. ఏసీ గదిలో అంతకన్నా ఎక్కువసేపు ఉంటే ఒళ్ళు చల్లబడుతుంది. ఒకసారి బెదిరితే తర్వాతి సారి మళ్ళీ ఐదుకు రండి. ఎదుగుదల గీత గీసినట్టు ఉండదు, రెండు మంచి వారాల తర్వాత ఒక చెడ్డ వారం వస్తుంది.

చెడ్డ వారానికి కారణం చాలాసార్లు కుబుసమే. చర్మం మసకబారి, కళ్ళు పాలరాయిలా నీలంగా తెల్లబడితే పాముకు కళ్ళు సరిగ్గా కనిపించవు. ఆ రోజుల్లో తేమ కాస్త పెంచి, కుబుసం విడిచేదాకా వదిలేయండి. కుబుసం లోపలిది బయటికి తిప్పిన మేజోడులా ఒకే ముక్కగా రావాలి. తునకలుగా వస్తే తేమ చాలలేదు. కంటి పొర అంటుకుపోతే గోటితో గీకకండి, డాక్టర్ పని అది.

కొన్ని నెలలయ్యాక పామునే రానిచ్చి చూడండి. సాయంత్రం మూత తీసి, ముంజేయి ట్యాంకు అంచు మీద ఆనించి కూర్చోండి. వస్తే వస్తుంది, రాకపోతే ఆ రోజుకు అంతే. ఇలా వచ్చిన పాము ఎత్తిన పాముకన్నా తక్కువ బెదురుతుంది. ఇది ప్రేమ అని నేను చెప్పను. మీ చెయ్యి ప్రమాదం కాదని, వెచ్చటి కొమ్మ లాంటిదని అది తెలుసుకుంది. పాము పెంపకంలో ఆశించదగ్గది అదే, నాకు అది చాలు.

కార్న్ స్నేక్ పెంచేవాళ్ళకు: వరుస ఇదే గానీ నడక వేరు. పిల్ల కార్న్ స్నేక్ చుట్టుకోదు, పారిపోతుంది, తోక గలగలమని ఆడిస్తుంది. దాన్ని ఆపకుండా ఒక చేతి ముందు ఇంకో చెయ్యి పెడుతూ పోనివ్వాలి. కింగ్ స్నేక్ కరిస్తే ఎక్కువగా భయంతో కాదు, ఆకలితో. దానికి అట్ట గొట్టం ఇంకా అవసరం.

కరిస్తే

భయంతో కరిస్తే కొట్టి వదిలేస్తుంది. సూదులు గుచ్చినట్టు చిన్న చుక్కలు, కాస్త రక్తం. నొప్పికన్నా ఉలికిపాటే ఎక్కువ. తిండి అనుకుని కరిస్తే మాత్రం పట్టుకుని చుట్టుకుంటుంది. లాగకండి. దాని పళ్ళు లోపలికి వంగి ఉంటాయి, లాగితే మీ చర్మం చీరుకుంటుంది, దాని పళ్ళు విరుగుతాయి. చెయ్యిని చల్లటి నీళ్ళ కింద పెట్టండి, చాలాసార్లు అదే వదులుతుంది. వదలకపోతే మౌత్‌వాష్ గానీ హ్యాండ్ శానిటైజర్ గానీ ఒక చుక్క నోటి అంచున పడనివ్వండి. చుట్టలు తోక వైపు నుంచి విప్పండి, తల వైపు నుంచి కాదు. తర్వాత సబ్బుతో బాగా కడిగి, పన్ను ముక్క ఏమైనా ఉండిపోయిందేమో చూసి, టెటనస్ ఇంజెక్షన్ వేయించుకుని ఎన్నేళ్ళయిందో మీ డాక్టర్‌కి చెప్పండి.

పామును తిట్టడం, కొట్టడం దండగ. అది దానికి శిక్షగా అర్థం కాదు. మామూలుగా ట్యాంకులో దించి, కొన్ని రోజులు ఆగి, మళ్ళీ ఐదు నిమిషాలతో మొదలుపెట్టండి. అసలు ఎందుకు కరిచిందో వెతికితే ముప్పాతిక భాగం జవాబు దొరుకుతుంది: ఎలుక వాసన, కుబుసం, తట్టడం మర్చిపోవడం, పైనుంచి చెయ్యి.

ఇంట్లో మిగతావాళ్ళు

పాములు ఆరోగ్యంగా కనిపిస్తూనే మలంలో సాల్మొనెల్లా బ్యాక్టీరియా వదులుతుంటాయి. ఐదేళ్ళ లోపు పిల్లలు, 65 దాటిన పెద్దలు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళు పాముల్ని, అవి తిరిగే చోట్లను ముట్టుకోవద్దని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. నీళ్ళ గిన్నెను వంటింటి సింకులో కడగొద్దు. ముద్దు పెట్టడాలు వద్దు.

ఇండియా నుంచి అమ్మానాన్నలు ఆరు నెలలకు వస్తున్నారంటే ముందే చెప్పండి. వచ్చాక ఆశ్చర్యపరుద్దామని వాళ్ళ పక్కన సోఫాలో పామును పెట్టడం తమాషా కాదు. అటు పెద్దవాళ్ళకూ ప్రమాదం, ఇటు పాముకు మూడు నెలల పని వృథా. ట్యాంకుకు తాళం వేసి, తాళంచెవి ఎక్కడుందో కూడా చూపించండి, వాళ్ళు నిద్రపోగలుగుతారు. నాగుల చవితికి భక్తితో అమ్మ ట్యాంకులో పాల గిన్నె పెడతానంటే నచ్చజెప్పండి. పాముకు పాలు అరగవు, నీళ్ళే తాగుతుంది.

ఎంతకీ తగ్గకపోతే

మూడు నాలుగు నెలలు పద్ధతిగా చేసినా మార్పు లేకపోతే రెండు సంగతులు చూడాలి.

మొదటిది జబ్బు. నోరు తెరిచి ఊపిరి తీయడం, ముక్కు దగ్గర బుడగలు, గురక లాంటి చప్పుడు ఉంటే ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్. నీళ్ళ గిన్నెలో గంటల తరబడి నానుతూ, కళ్ళ చుట్టూ మిరియం గింజ కన్నా చిన్న నల్లటి చుక్కలు కదులుతుంటే పేలలాంటి మైట్లు. తల పైకెత్తి మెలిదిప్పి వెనక్కి పడిపోతుంటే నరాల సమస్య కావొచ్చు. స్పైడర్ అనే రంగు రకం బాల్ పైథాన్‌లలో ఈ తల ఊగడం పుట్టుకతోనే ఉంటుంది, మోతాదే తేడా. అలాంటి పాము గురి తప్పుతుంది, తొందరగా బెదురుతుంది, శిక్షణతో పోదు. మామూలు కుక్కల డాక్టర్ అందరూ పాముల్ని చూడరు. సరీసృపాల వైద్యుల సంఘం ఏఆర్ఏవీ సైటులో మీ ఊరికి దగ్గరగా ఎవరున్నారో వెతకొచ్చు.

రెండోది పుట్టుక. అడవిలో పట్టి తెచ్చిన పాములు, ఆఫ్రికాలో గుడ్ల నుంచి పొదిగించి పెట్టెల్లో పంపిన పిల్లలు ఇంకా చవకగా అమ్ముడవుతూనే ఉన్నాయి. వీటికి తరచూ కడుపులో పురుగులుంటాయి, బెదురూ ఎక్కువ. మలం పరీక్ష చేయించి మందు వాడితే కొన్ని తేరుకుంటాయి.

అన్నీ సరిగ్గా ఉండి కూడా చెయ్యి అసలు పడని పాములు కొన్ని ఉంటాయి. వాటిని వారానికి రెండుసార్లు ఎత్తాలని ఎవరూ రాసిపెట్టలేదు. అలాంటిదాన్ని చూసి ఆనందించడానికే పెంచండి. నెలకోసారి ట్యాంకు శుభ్రం చేసే రోజు దాని హైడ్‌ను పాముతో సహా, కింద ఒక అట్ట జార్చి, గాలి కన్నాలున్న మూత డబ్బాలోకి మార్చండి. పని అయ్యాక అదే హైడ్‌ను అదే మూలలో తిరిగి పెట్టి, రెండు రోజులు వదిలేయండి.